అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగిందా, ఆగిందా?

(స్త్రీల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇవాళ ఒక చిన్న ఇంగ్లీషు మాట గురించి నాలుగు ముక్కలు చెప్పుకొందాం. మాట నిజంగా చిన్నదే. 'గో' అని ఒకటి, 'ఆఫ్' అని ఒకటి, అంతే. రెండూ మనకు తెలిసినవే. చిన్న క్లాసు పిల్లవాణ్ణి అడిగినా గో అంటే వెళ్లు అని చెబుతాడు. ఇక ఆఫ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బడి మొహం చూడని మా అత్తగారు కూడా "ఆ ఫ్యాను ఆఫ్ చెయ్యమ్మా, చలేస్తోంది" అంటూ ఉండేవారు. తెలిసిన మాటలు రెండు కలిస్తే తెలియని మాట ఒకటి పుడుతుందనీ, ఆ తెలియకపోవడం ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి వస్తుందనీ ముప్ఫయ్యేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నాకు ఈమధ్య గాని తట్టలేదు.

మాది అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం. ఒకపక్క పూడిమడక సముద్రం, ఒకపక్క ఎలమంచిలి వెళ్లే రోడ్డు. ఇప్పుడు మా ఊరి పేరు చెప్పగానే అందరూ "సెజ్ ఉన్న ఊరేనా?" అని అడుగుతారు. సెజ్ అంటే ప్రత్యేక ఆర్థిక మండలి. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాల్లో పరచుకొని ఉంది. అందులో మందుల కంపెనీలున్నాయి, రసాయనాల కంపెనీలున్నాయి, బట్టలు కుట్టే కంపెనీలున్నాయి. బట్టల కంపెనీల్లో మిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. తెల్లవారకుండా కంపెనీ బస్సులు ఊళ్లవెంట తిరుగుతాయి. ఒక చేత్తో క్యారేజీ, ఒక చేత్తో జడ ముడుచుకొంటూ ఆడపిల్లలు పరుగెత్తుకొచ్చి బస్సెక్కుతారు. వాళ్లలో చాలామంది మా బడుల్లో చదువుకొన్న పిల్లలే.

మా పక్కింటి అమ్మాయి ఇంటరు పాసై ఒక కంపెనీలో కొత్తగా చేరింది. చేరిన రోజున ఒక కాగితం ఇచ్చారట. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో అందులో ఉంది. అంతా ఇంగ్లీషే. కింద సంతకం పెట్టి ఒక కాపీ ఇచ్చెయ్యాలి, ఒకటి దగ్గర పెట్టుకోవాలి. సాయంత్రం వాళ్లమ్మ ఆ పిల్లని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"ఏటో కాయితం ఇచ్చినారక్కా. అమ్మాయి సదివింది గాని, ఓసారి నువ్వు కూడా సూడు" అంది.

"ఏం రాశారే?" అన్నాను అమ్మాయితో.

"ఏం లేదు పిన్నీ, అలారం ఆగిపోగానే బిల్డింగులోంచి బయటికి వచ్చెయ్యాలట" అంది.

కాగితం తీసుకొని చూశాను. 'ఇఫ్ ది అలారం గోస్ ఆఫ్, లీవ్ ది బిల్డింగ్ ఎట్ వన్స్' అని ఉంది. అంటే, అలారం మోగితే వెంటనే భవనం వదిలి బయటికి వచ్చెయ్యాలి అని. అమ్మాయి చెప్పింది సరిగ్గా తలకిందులు.

"మోగుతున్నంతసేపూ ఏం చేస్తావే మరి?" అన్నాను.

"సీట్లో కూర్చుంటాం పిన్నీ. బళ్లో గంట కొడుతున్నప్పుడు లేస్తే మీరే కసిరేవారు గదా, పూర్తిగా కొట్టాక లెమ్మని!" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పిల్లకి ఈ మాట నేనే నేర్పాను. ఎలా నేర్పానంటే, ఒక పక్క 'గో ఆఫ్' అనీ, ఎదురుగా 'ఎక్స్‌ప్లోడ్' అనీ బోర్డు మీద రాసి, పరీక్షలో ఇది జతపరచమని వస్తుంది, బట్టీ పట్టండి అని. బట్టీ పట్టారు, జతపరిచారు, మార్కులు తెచ్చుకొన్నారు. అలారం పేలడమేమిటి అని ఆ పిల్ల ఏనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అంచేత బట్టీ పట్టిన అర్థం పక్కకి పోయి, ఇంట్లో స్విచ్చి దగ్గర నేర్చుకొన్న ఆఫ్ ముందుకొచ్చింది. తప్పెవరిదంటే ఏం చెప్పను?

ఇలా క్రియకి పక్కన ఆఫ్, ఆన్, అప్, అవుట్ లాంటి చిన్న ముక్క చేర్చి కొత్త అర్థం తెచ్చే మాటలు ఇంగ్లీషులో కొల్లలు. వాటిని 'ఫ్రేజల్ వెర్బ్స్' అంటారు. ఈ పేరు పెద్ద పాతది కూడా కాదు. లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన 1925లో తన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' పుస్తకంలో వాడాక ప్రచారంలోకి వచ్చింది. పేరు కొత్తదే గాని మాటలు పాతవి; ఇంగ్లీషువాళ్లు వంటింట్లో, వీధిలో, పొలంలో మాట్లాడుకొనే మాటలు. పెద్ద పెద్ద లాటిన్ మాటలు నేర్చుకొన్న మనవాళ్లు సైతం వీటి దగ్గర తడబడేది అందుకే. పుస్తకాల ఇంగ్లీషు మనకి వచ్చినంతగా వాళ్ల ఇంటి ఇంగ్లీషు రాదు.

పోనీ ఇది ఇంగ్లీషుకున్న జబ్బేనా అంటే, కాదు. మన తెలుగు చూడండి. "తలుపు వెయ్యి" అంటే మూసెయ్యమని. "లైటు వెయ్యి" అంటే వెలిగించమని. ఒకటే 'వెయ్యి', ఒకచోట మూయడం, ఒకచోట తెరిచి వదలడం. "తలుపు తియ్యి" అంటే తెరవాలి, "లైటు తీసెయ్యి" అంటే ఆర్పాలి. ఇవి కాక ముగ్గు వేస్తాం, కేక వేస్తాం, ఓటు వేస్తాం, పందెం వేస్తాం, దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేస్తాం. కొత్తగా తెలుగు నేర్చుకొనే దొరసాని "వెయ్యి అంటే ఏమిటి?" అని అడిగితే ఏం చెబుతాం? "దేన్ని వెయ్యమన్నారో చూడమ్మా" అంటాం. గో ఆఫ్ సంగతీ అంతే. ఏది 'గో ఆఫ్' అయిందో చూడాలి. అలారమా, దీపమా, పాలా, మనిషా?

ముందు ఆఫ్ అనే ముక్క సంగతి తేల్చుకొందాం. తెలుగులో మనం 'ఆఫ్' అని పలికే ఇంగ్లీషు మాటలు మూడున్నాయి. ఆఫ్ టికెట్ అన్నప్పుడు సగం. వారానికి ఒక రోజు ఆఫ్ అన్నప్పుడు సెలవు. 'గవర్నమెంట్ ఆఫ్ ఇండియా' అన్నప్పుడు 'యొక్క'. మొదటిది వేరే మాట, పలకడంలో హకారం మింగేశాం, దాన్ని వదిలెయ్యండి. మిగిలిన రెండూ మాత్రం పూర్వం ఒకటే మాట. ఒక ఎఫ్‌తో ఒకటీ, రెండు ఎఫ్‌లతో ఒకటీగా తరవాతి కాలంలో విడిపోయాయి. ఆ పాత మాటకి అసలు అర్థం 'దాన్నుంచి, దూరంగా, విడివడి' అని. బంద్ అని కాదు. బంద్ అనే అర్థం దానికి తరవాత పట్టింది. స్విచ్చి ఆఫ్ చేస్తే ఏమవుతుంది? తీగకీ తీగకీ మధ్య సంబంధం విడిపోతుంది. విడిపోయింది గనుక దీపం ఆరుతుంది.

ఇప్పుడు పాతకాలపు అలారం గడియారం తలుచుకోండి. చాలామంది ఇళ్లల్లో ఉండేది, రెండు గంటలు చెవుల్లా పైకి పెట్టుకొని. రాత్రి పడుకొనే ముందు వెనకాల కీ తిప్పేవాళ్లం. లోపల స్ప్రింగు బిగుసుకొంటుంది. చిన్న కొక్కెం ఒకటి దాన్ని పట్టి ఉంచుతుంది. తెల్లవారుజామున వేళయ్యేసరికి కొక్కెం పట్టు వదులుతుంది. అంతవరకు బిగపట్టి ఉన్న స్ప్రింగు ఒక్కసారి విడిపోయి సుత్తిని గంటమీద టకటక కొట్టిస్తుంది. ఇక్కడా విడిపోవడమే జరిగింది. కాని విడిపోయింది గనుక మోగింది. తుపాకీ గుర్రం నొక్కినా అంతే, మతాబుకి నిప్పంటుకొన్నా అంతే. బిగపట్టి ఉన్నది పట్టు వదిలింది. నాకు అర్థమైనంతలో కిటుకు ఇక్కడుంది. ఎడతెగకుండా నడుస్తున్నదానికి సంబంధం విడిపోతే అది ఆగుతుంది: దీపం, ఫ్యాను, కుళాయి. వేళకోసం, ప్రమాదంకోసం కాచుకొని కూర్చున్నదానికి పట్టు విడిపోతే అది మొదలవుతుంది: అలారం, సైరన్, తుపాకీ, బాంబు. రెండింటికీ ఇంగ్లీషువాడు గో ఆఫ్ అనే అంటాడు.

అలారం అనే మాటకి కూడా ఒక కథ ఉంది. ఇటాలియన్ భాషలో 'ఆల్ ఆర్మె' అంటే 'ఆయుధాలు పట్టండి' అని. శత్రువు వచ్చాడని కోటమీద కాపలావాడు వేసే కేక అది. ఆ కేకే ఫ్రెంచిలోకి వెళ్లి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చి అలారం అయింది. కేక వినబడితే కదలాలిగాని, కేక ఆగేదాకా కూర్చోవడం కాదు.

ఇక్కడ ఒక చిత్రం చెబుతాను. ఇంగ్లీషు 'గో'కి మన తెలుగులో సమానమైన మాట 'పోవు'. గో ఆఫ్‌కి ఉన్న అర్థాలన్నీ తెలుగులోకి తెచ్చి చూడండి. ది లైట్స్ వెంట్ ఆఫ్ — దీపాలు ఆరిపోయాయి. ది మిల్క్ వెంట్ ఆఫ్ — పాలు విరిగిపోయాయి. షి వెంట్ ఆఫ్ — ఆవిడ వెళ్లిపోయింది. ది బేబీ వెంట్ ఆఫ్ టు స్లీప్ — పాప నిద్రపోయింది. ది బాంబ్ వెంట్ ఆఫ్ — బాంబు పేలిపోయింది. అన్నింటి తోకా 'పోయింది'యే! వాళ్లు వెళ్లడాన్ని ముందు పెట్టి ఆఫ్ తగిలించారు, మనం పనిని ముందు పెట్టి పోవడాన్ని తోకగా తగిలించాం. అలారం దగ్గర మాత్రం మన తోక వాళ్ల మాటతో సరిగా కలవదు. "అలారం పోయింది" అంటే పాడయిందని అర్థం. కానీ పెళ్లింట్లో మైకు ఎలా ఉందని అడిగితే "మోగిపోతోందమ్మా" అంటామా, లేదా? ఆ మోగిపోవడం గుర్తు పెట్టుకొంటే చాలు, అలారం గో ఆఫ్ అవడం ఇక మరిచిపోరు.

ఇక వంటింట్లోకి వద్దాం. తిండి పదార్థం గో ఆఫ్ అయిందంటే పాడయిందని. ఈ వాడుక బ్రిటిష్‌వాళ్లది. మన పాఠ్యపుస్తకాల ఇంగ్లీషు వాళ్ల దగ్గర నుంచి వచ్చిందే గనుక మనకూ ఇదే అలవాటు. అమెరికావాళ్లయితే 'వెంట్ బ్యాడ్' అంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం మన తెలుగు ముందు ఇంగ్లీషు నిలవదని నేను ఘంటాపథంగా చెబుతాను. వాళ్లకి పాలయినా, మాంసమయినా, చేపయినా, గుడ్డయినా ఒకటే గో ఆఫ్. మనకో? పాలు విరుగుతాయి. కూర పాచిపోతుంది. పిండి పులుస్తుంది. పూడిమడక నుంచి పొద్దున్న గంపలో వచ్చిన చేప సాయంత్రానికి మెత్తబడి మురుగుతుంది. పప్పు పురుగు పడుతుంది. నూనె మక్కువాసన కొడుతుంది. అనకాపల్లి బెల్లం వానాకాలంలో గాలి తగిలితే చెమ్మగిల్లి పాకంలా కారుతుంది. వస్తువుకొక మాట. చెడిపోవడంలో ఎన్ని రకాలున్నాయో మన అమ్మమ్మలు ముక్కుతోనే చెప్పేసేవారు. అంచేత పిల్లలు 'పాలు చెడిపోయాయి, చేప చెడిపోయింది' అని అన్నిటికీ ఒకటే మాట వాడుతూంటే కాస్త దిద్దండి.

మనుషుల విషయంలో గో ఆఫ్ అంటే వెళ్లిపోవడం. 'హి వెంట్ ఆఫ్ విత్ మై అంబ్రెల్లా' అంటే నా గొడుగు పట్టుకొని చక్కాపోయాడని. ఒక వస్తువు మీద ఇష్టం పోయినా ఇదే మాట. వేవిళ్ల నెలల్లో ఉన్న అమ్మాయి కాఫీ వాసన తగిలితేనే మొహం తిప్పుకొంటుంది చూడండి, 'ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ' అంటే అదన్నమాట. పండగో పేరంటమో జరిగాక 'ఇట్ వెంట్ ఆఫ్ వెల్' అంటే ఏ గొడవా లేకుండా బాగా జరిగిందని. ఇలాంటివి తప్పు అర్థం చేసుకొన్నా పెద్ద నష్టం లేదు, నవ్వుకొంటాం, అంతే. సైరన్ దగ్గర అలా నవ్వి ఊరుకోవడానికి లేదు.

భోపాల్ సంగతి మీకందరికీ తెలుసు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి తెల్లవారితే 3వ తేదీ, పురుగుమందుల కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసైనేట్ విషవాయువు వెలువడి వేలమంది చనిపోయారు. ఆ కర్మాగారంలో రెండు సైరన్లుండేవి. ఒకటి లోపలి కార్మికులకి, ఒకటి బయట బస్తీల్లో ఉన్న జనానికి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా 1982లో వాటిని విడదీశారు. చిన్న చిన్న లీకులకి జనం బెదిరిపోకుండా బయటి సైరన్‌ని ఆపేసుకోవచ్చునని ఆ ఏర్పాటు. ఆ రాత్రి 12 గంటల 50 నిమిషాల ప్రాంతంలో జనానికి వినిపించే సైరన్ మోగింది. కొద్దిసేపటికే ఆపేశారు. లోపలిది మాత్రం మోగుతూనే ఉంది. ఈ రెండు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పాలంటే ఎలా చెప్పాలి? 'ది సైరన్ వెంట్ ఆఫ్. దెన్ ఇట్ వాజ్ టర్న్‌డ్ ఆఫ్.' మొదటి ఆఫ్‌కి మోగింది. రెండో ఆఫ్‌కి మూగబోయింది. ఆ రెండు ఆఫ్‌ల మధ్య, పక్క బస్తీల్లో జనం నిద్రలో ఉన్నారు.

మన దగ్గరకొస్తే, 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. జనం నిద్రలోంచి లేచి, ఎటు పరుగెత్తుతున్నారో తెలియక, రోడ్ల మీద పడిపోయారు. 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తన నివేదికలో ఒక మాట రాసింది: సైరన్ మోగించడానికి కర్మాగారంలో 36 చోట్ల వీలుండి కూడా, ఎవరూ మోగించలేదని. అంటే ఆ రాత్రి సైరన్ 'గో ఆఫ్' కానే లేదు. మోగని సైరన్‌కి వ్యాకరణం ఎంత తెలిస్తే ఏం లాభం అని మీరడగవచ్చు. నిజమే. కానీ మోగినప్పుడైనా అది ఏం చెబుతోందో తెలిసి ఉండాలి గదా.

మా అచ్యుతాపురం సెజ్‌లో 2022 జూన్ 3న ఘాటైన వాసన తగిలి బట్టల కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు వందమందికి పైగా అస్వస్థులయ్యారు. వాంతులు, కళ్ల మంటలు, ఊపిరాడకపోవడం. రెండు నెలలు తిరక్కుండా ఆగస్టు 2న మళ్లీ అదే జరిగింది. 2024 ఆగస్టు 21న మధ్యాహ్నం ఒక మందుల కంపెనీలో ద్రావకం కారి, ఆవిరై, పేలింది. 17 మంది చనిపోయారు. ఆ రోజు అంబులెన్సులు వెళ్తూంటే జంక్షన్‌లో నిలబడ్డవాళ్లలో ఎవరి పిల్ల లోపల ఉందో, ఎవరి కొడుకు ఉన్నాడో అని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప మాటల్లేవు. ఇంగ్లీషు మాట ఒకటి తెలియకపోవడం వల్ల ఈ ప్రమాదాలు జరిగాయని నేననడం లేదు. అవి జరిగిన కారణాలు వేరు, వాటికి బాధ్యులు వేరు. కానీ ఇలాంటి చోట పనిచేసే పిల్ల 'మోగితే' అన్నదాన్ని 'ఆగితే' అని చదువుకొని సంతకం పెట్టిందంటే, ఆ సంతకానికి విలువేమిటి?

ఆ కాగితం మీద ఇలాంటివే ఇంకా రెండు కనిపించాయి. ఒకటి 'గివ్ ఆఫ్'. ఫలానా పదార్థం వేడెక్కితే 'గివ్స్ ఆఫ్ టాక్సిక్ ఫ్యూమ్స్' అని రాశారు. అంటే విషపు పొగలు వెదజల్లుతుంది అని. మా అమ్మాయి అదీ తలకిందులే చదివింది: "విషపు పొగలు ఆపుతుంది, మంచిదే గదా పిన్నీ!" గివ్ అంటే ఇవ్వడం, ఆఫ్ అంటే తననుంచి బయటికి. తననుంచి బయటికి ఇస్తుంది, అంటే వదులుతుంది. మల్లెపూవు వాసన వదిలినా ఇదే మాట, పెంటకుప్ప కంపు వదిలినా ఇదే మాట. రెండోది 'సెట్ ఆఫ్'. ఇది గో ఆఫ్‌కి తోబుట్టువు. అలారం తానుగా మోగితే గో ఆఫ్. దాన్ని ఎవరైనా, ఏదైనా మోగిస్తే సెట్ ఆఫ్. 'స్మోక్ విల్ సెట్ ఆఫ్ ది అలారం', పొగ వస్తే అలారం మోగుతుంది. దీపావళికి పిల్లలు టపాకాయలు కాలిస్తే అదీ సెట్ ఆఫే. ప్రయాణానికి బయల్దేరినా సెట్ ఆఫే అనుకోండి, అది వేరే సంగతి.

మరి నిజంగా ఆపెయ్యడానికి మాట ఏమిటి? 'టర్న్ ఆఫ్', 'స్విచ్ ఆఫ్', 'షట్ ఆఫ్'. తిప్పి ఆపేది, మీట నొక్కి ఆపేది, మూసి ఆపేది. మీరు చెయ్యిపెట్టి చేసే పనులివి. వీటి పక్కన ఆఫ్ వస్తే ఆగడమే, భయం లేదు. గ్యాసు పొయ్యి టర్న్ ఆఫ్ చేస్తాం, రెగ్యులేటరు షట్ ఆఫ్ చేస్తాం. అలారం ఆగిందని చెప్పదలచుకొంటే 'ది అలారం స్టాప్డ్' అనాలి గాని వెంట్ ఆఫ్ అనకూడదు. ఇంట్లో పిల్లలకి నేర్పడానికి ఒక వాక్యం చెబుతాను, సరదాగా ఉంటుంది: 'ది అలారం వెంట్ ఆఫ్, ఐ టర్న్‌డ్ ఇట్ ఆఫ్, ఐ వెంట్ ఆఫ్ టు స్లీప్, అండ్ ది బస్ వెంట్ ఆఫ్ వితౌట్ మి.' అలారం మోగింది, ఆపేశాను, నిద్రపోయాను, బస్సు నన్నొదిలేసి వెళ్లిపోయింది. నాలుగు ఆఫ్‌లు, నాలుగు అర్థాలు. ఈ వాక్యం మా పక్కింటి అమ్మాయికి మహా నచ్చింది, వారంలో రెండు రోజులు తనకి ఇదే పని అంది.

ఇంతకీ ఆ కాగితం తెలుగులో ఎందుకు లేదన్నది నా అసలు ప్రశ్న. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 108వ సెక్షన్ ఒకటి ఉండేది. కర్మాగారంలో చట్టప్రకారం పెట్టే నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని అందులో రాశారు. భోపాల్ తరవాత, 1987లో, ఆ చట్టాన్ని సవరించి, ప్రమాదకరమైన పనుల్లో ఉండే ముప్పు గురించి కార్మికులకి యాజమాన్యం తప్పనిసరిగా తెలియజెప్పాలని చేర్చారు. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి కొత్త కోడ్ వచ్చింది. చట్టాలు మారతాయి. కానీ తెలియజెప్పడం అంటే కాగితం చేతిలో పెట్టడమా, తెలిసేలా చెప్పడమా అన్న ప్రశ్న అలాగే ఉంది. "ఇంటరు చదివారు గదా, ఇంగ్లీషు రాదా?" అనవచ్చు. ఇంగ్లీషు వచ్చిన పిల్ల గనుకనే తప్పు చదివింది. రాని పిల్లయితే పక్కవాళ్లని అడిగి ఉండేది! సగం తెలిసిన మాటకంటే అసలు తెలియని మాటే నయం ఒక్కొక్కసారి.

'అలారం మోగితే వెంటనే బయటికి రండి' అని అయిదు తెలుగు ముక్కలు రాయడానికి ఎంత సిరా అవుతుంది? పోనీ ఇంగ్లీషులోనే రాయాలంటే, 'వెన్ ది అలారం రింగ్స్' అనో 'వెన్ యు హియర్ ది అలారం' అనో రాయవచ్చు. రింగ్ అంటే మోగడమని, హియర్ అంటే వినడమని అందరికీ తెలుసు. సొంపైన ఇంగ్లీషు నవలలో రాసుకోవచ్చు, ప్రమాదపు బోర్డు మీద అక్కర్లేదు. మీ పిల్లలు కంపెనీల్లో పనిచేస్తూంటే, వాళ్లకిచ్చిన కాగితాలు ఒకసారి అడిగి చూడండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. "ఇందులో ఏముందో నాకు చెప్పవే" అనండి. చెప్పడంలో తప్పు బయటపడుతుంది. మా పక్కింటావిడ చేసిన పని అదే. ఆవిడ సంతకం తప్ప రాయలేదు.

ఆ సాయంత్రం మేము ముగ్గురం కూర్చొని కాగితం వెనకవైపు అంతా తెలుగులో రాసుకొన్నాం. మొదటి వాక్యం దగ్గర వాళ్లమ్మ ఆపింది.

"సరే అక్కా, మోగితే బయటికొచ్చేత్తాది. మరి ఆగిపోతే? లోపలికి ఎల్లిపోవచ్చా?"

నేను రెండో వాక్యం చూశాను. 'డు నాట్ రిటర్న్ అంటిల్ ది ఆల్ క్లియర్ ఈజ్ గివెన్' అని ఉంది. ఆల్ క్లియర్ అంటే అంతా సద్దుమణిగింది, ఇక ప్రమాదం లేదు అని బాధ్యత గలవాళ్లు చెప్పేమాట. అది చెప్పేవరకూ తిరిగి లోపలికి పోకూడదు. గంట ఆగినంత మాత్రాన ప్రమాదం ఆగినట్టు కాదు. ఎవరో స్విచ్చి నొక్కి ఉండవచ్చు, తీగ తెగిపోయి ఉండవచ్చు. నేను ఇంగ్లీషు పాఠం చెబుతూ కూర్చున్నానే గాని, ఈ ప్రశ్న నాకు తోచలేదు సుమండీ. అమ్మాయి ఎర్ర పెన్ను తీసి పెద్ద అక్షరాలతో రాసుకొంది: 'మోగితే బయటికి. ఆగినా లోపలికి కాదు. చెబితేనే లోపలికి.'

మర్నాడు అది క్యారేజీ సంచిలో పెట్టుకొని వెళ్లింది. బస్సులో పక్క సీటు పిల్లలు నలుగురు ఫోనులో ఫొటో తీసుకొన్నారట.